గట్టు పుస్తకంలో సున్నల సమరము

కిలో వంకాయలు కొనవలసి వచ్చినచో ముగ్గురు వర్తకుల వద్ద ధరలు సేకరించి, వానిని పట్టికగా గీసి, అందు కనిష్ఠ ధర చెప్పినవాని వంకాయలు పుచ్చులని తేల్చి, రెండవవానిని సిఫారసు చేసి, ఆ సిఫారసుపై భార్యామణి చేవ్రాలు పొంది, తీరా సంచి చంకనిడుకొని బయలుదేరునప్పటికి బజారంతయు కట్టివేయబడి యుండగా, వట్టిచేతులతో మరలివచ్చి "ఈపూటకి పచ్చడేసీయే" అని శాంతగంభీరముగా ఆజ్ఞాపించు పురుషపుంగవుని భర్తగా పొందుటకు పద్మకుమారి పూర్వజన్మమున ఏ నోము పట్టి నడుమ విడిచెనో చెప్పగల పురోహితుడు ఉత్తరాంధ్రదేశమున ఇంతవరకు జన్మింపలేదు. జన్మించినను, అతనికి ఇయ్యవలసిన దక్షిణను ఆ భర్త అంచనా వేసి ముగించునప్పటికి అతడును లేచి వెడలిపోవును.

అట్టి దంపతులు కాపురముండు శ్రీకాకుళ పట్టణమున, రెండువేల పదునేడవ సంవత్సరమున, శ్రావణమాసమున, సర్కారు కొలువువారికెల్ల ప్రాణప్రియమైన రెండవ శనివారమునాడు, నాగావళీ శీతలపవనములు మరి యే వీధిలోనో వీచుచుండగా, వీరి వీధిలో మాత్రము ఉక్కపోత ఏకచ్ఛత్రాధిపత్యముగా రాజ్యమేలుచుండగా, ఓ విద్యుచ్ఛక్తీ, ఫ్యానుచక్ర పరిభ్రామిణీ, మిక్సీగర్జన కారిణీ, నీకు నమస్కారము. ఈ కథ ముగియునందాక పోకుము. పోయితివేని కథానాయిక ఓడినదని లోకము పొరబడును.

కథానాయిక పద్మకుమారియే. గరివిడిలో కిరాణా కొట్టు నడిపిన వర్తకుని పుత్రిక, బి.కాం. పట్టభద్ర, కుక్కరు ఈలలు ఒక చెవితో లెక్కించుచు రెండవ చెవితో భర్త చెప్పు గుణకారములను మోయగల గణితధురంధర. ప్రతినాయకుడు ఆమె భర్త నరసింగరావు. విజయనగరమున మూడు తరములుగా పప్పులు తూచిన వంశమున పుట్టి, కొట్టున కూర్చొననొల్లక కొలువున జేరి, ఒకానొక సాగునీటి కార్యాలయమున సూపరింటెండెంటు పీఠమునధిష్ఠించి, త్రాసును విడిచినను తూచుటను విడువనేరని ఆ అంచనాసార్వభౌముడు, ఆ శనివారపు ప్రాతఃకాలమున భోజనాల బల్లపై తెల్లకాగితములు పరచి, ఎఱ్ఱకలము చెవిపైనను నీలికలము చేతిలోనను ధరించి, వంటింటివైపు గళమెత్తెను.

"పద్మా, పదకొండు వేల నాలుగొందలు ఇంటూ ఎనభై మూడు. వేగిరం సెప్పు."

"తొమ్మిది లక్షల నలభై ఆరువేల రెండొందలు," అని ఉప్మా కలియబెట్టుచునే ఆమె పలికెను. "ఏటి కొంటన్నారండీ అంత పెట్టి?"

"కొనడానికి కాదే. కొనకుండా ఉండడానికి."

ఇరువదియారేండ్ల కాపురమున వినని వింత ఇది. పద్మకుమారి మంట తగ్గించి, గరిటె చేతబట్టి, ద్వారమున వచ్చి నిలిచెను. అప్పుడు నరసింగరావు కళ్ళజోడు సవరించుకొని తన కార్యాలయమున జరిగిన వృత్తాంతమునంతయు వివరింపసాగెను.

ఆ కార్యాలయమున శైలజ యను జూనియర్ అసిస్టెంటు చేరి యేడాదిన్నర యైనది. రామతీర్థము దాపున వరి పండించు రైతుబిడ్డ, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయమున తెలుగు ఎం.ఏ. చదివినది, పుట్టుకతోనే చూపు లేనిది. వీరి వీధి చివరనే అద్దెకుండును. కంప్యూటరు తెరపై నున్న అక్షరములను పైకి చదివి వినిపించు యంత్రస్వరమొకటి ఆమె వద్ద కలదు. ఆ స్వరము జలుబు చేసిన ముక్కుతో మాటాడినట్లుండును గనుక, అట్లే మాటాడు తన చిన్ననాటి పంతులు పేరిట ఆమె దానికి సూరయ్య మాస్టారని నామకరణము చేసెను. సూరయ్య మాస్టారు సమస్తమును చదువును. గట్టు పుస్తకమును మాత్రము చదువడు.

గట్టు పుస్తకమనగా, ఏరు పొంగినవేళ గట్టును ఎట్లు కాయవలెనో తెలుపు ముప్పది యెనిమిది పేజీల నిబంధనల సంపుటి. పందొమ్మిదేండ్ల క్రిందట పాతకాలపు తెలుగు ఫాంటులో కొట్టించినది; ఆ కంప్యూటరు ప్రతియే నేటికిని వాడుకలో నున్నది. కొలువున స్థిరపడుటకు వ్రాయవలసిన శాఖాపరీక్ష సగము దానినుండియే వచ్చును. శైలజ తొలిమారు మూడు మార్కులలో తప్పినది. మలిమారు ఇరువది దినములలో ఉన్నది. అదియును తప్పినచో ఉద్యోగమునకు నమస్కారము. అందుచేత ఆమె "ఆ పుస్తకమును నా యంత్రము చదువగల రీతిన మార్చి ఇప్పించుడు" అని అర్జీ పెట్టుకొన్నది.

"న్యాయమే కదా," అనెను పద్మకుమారి.

"న్యాయం గురించి కాదే ఫైలు. ఖర్సు గురించి. ఇయాల ఈ పుస్తకం మారిస్తే రేపు ఇంకోటంటారు. అంచేత ఆఫీసు పుట్టిన కాడ్నించీ ఉన్న పాత కాయితాలన్నీ లెక్క తీసినాను. పదకొండు వేల నాలుగొందల పేజీలు. పేజీకి టైపు, దిద్దుబాటు, పర్యవేక్షణ కలిపి ఎనభై మూడు." ఇట్లని ఆయన లేచి నిలిచి, ఎఱ్ఱకలమును ఖడ్గమువలె ఝళిపించుచు నోటు చదివెను. "కావున, పై విషయములన్నియు కూలంకషముగా పరిశీలించిన మీదట, పురాతన పత్రములను అందుబాటులోనికి తెచ్చుట ఈ కార్యాలయమునకు మోయరాని భారమనియు, అర్జీదారు విన్నపమును త్రోసిపుచ్చవచ్చుననియు సవినయముగా సమర్పించుకొనుచున్నాను. ఎలా ఉన్నాది?"

"ఆ పిల్ల అడిగినవి ఎన్ని?"

"ఒక్కటి."

"మా నాన్న కొట్టుకి ఒకామె వచ్చి పావుకేజీ కందిపప్పు ఇమ్మంటే, కొట్లో సరుకంతా తూయడానికి ఎన్నాళ్ళవుతాదో లెక్కగట్టి, మావల్ల కాదమ్మా వెళ్ళిపో అనీసేవాడేటి?"

"కొట్టు వేరు, కొలువు వేరు."

"సరే. మారిస్తే ఎంతవుతాదో రాసినారు. మార్చకపోతే ఎంతవుతాదో ఆ గడి ఏదీ?"

నరసింగరావు కాగితమును ఈవైపునకును ఆవైపునకును త్రిప్పి చూచెను. "ప్రొఫార్మాలో ఆ గడి లేదు," అని పలికెను. ఆ మాట పలుకునప్పుడు ఆయన ముఖమున లవలేశమైనను కపటము లేకుండుట గమనార్హము. ప్రొఫార్మాలో లేనిది ప్రపంచమున లేదని ఆయన మనఃపూర్వకముగా నమ్మును.

"అయినా నేనేటి ఊరుకున్నానా? అసిరయ్యని సదివి వినిపించమన్నాను కదా."

అసిరయ్య ఆ కార్యాలయపు అటెండరు. టీ తెచ్చుటకును, ఫైళ్ళు మోయుటకును, ఇంజనీరుగారి గంటకు పరుగెత్తుటకును నడుమ దొరికిన అరగంటలో గట్టు పుస్తకము చదువునట్టివాడు. పెద్దమాట ఎదురైనచో "ఇక్కడేదో బరువైన మాటుందమ్మా, దాటేస్తన్నాను" అని నిజాయితీగా ప్రకటించి దాటువాడు. అతడు చదువగా విని, గండి పడినచోట పై అధికారికి తెలుపకయే మట్టి వేయవచ్చునని శైలజ పరీక్షలో వ్రాసినది. పుస్తకములో "మట్టి వేయ" అని ఒక వరుస ముగిసి, "రాదు" అని మరుసటి వరుస మొదలగును. ఎందుకు విడిచితివని తరువాత అడుగగా, "కింద వరసలో రాదు అని ఉందమ్మా. ఇంక రాదు కాబోలనుకొని ఆపీసినాను," అని అతడు వినయముగా మనవి చేసెను. ఆమెకు తగ్గిన మూడు మార్కులు ఆ రెండక్షరములలోనే మునిగిపోయినవి.

ఇట్లు వాగ్యుద్ధము సాగుచుండగనే వీధితలుపు చప్పుడైనది. అప్పు తీసుకొన్న పెరుగుగిన్నె తిరిగి ఇచ్చుటకు సాక్షాత్తు శైలజయే వచ్చినది. భుజమున సంచి, సంచిలో లాప్‌టాపు, లాప్‌టాపులో సూరయ్య మాస్టారు.

"బాగా వచ్చినావమ్మా," అని పద్మకుమారి ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, ఉప్మా పెట్టి, భర్త వినునట్లుగా పలికెను. "మీ సారుకి ఆ గట్టు పుస్తకం ఒక్కసారి వినిపించు."

శైలజ మీట నొక్కినది. ముక్కుస్వరము గదియంతయు నిండినది. "డాలర్. పర్సెంటు. క్యాపిటల్ ఏ. స్టార్. స్టార్. సెమీకోలన్."

ఏదో మంత్రపఠనము జరుగుచున్నట్లు నరసింగరావు క్షణకాలము చేతులు జోడింపబోయి, తమాయించుకొని, తెరవైపు వంగి చూచెను. తెరపై అక్షరములు ముత్యములవలె మెరయుచుండెను.

"ఇంత సక్కగా తెలుగు కనబడతంటే, సదవలేడంటావేటమ్మా? నీ సూరయ్యకి తెలుగు రాదు."

"ఆ ఫాంటు వేషం అండి సార్," అనినది శైలజ. "పైకి తెలుగు బొమ్మ. లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తులే ఉంటాయి. సూసేవాళ్ళకి బొమ్మ కనబడతాది. సూరయ్య మాస్టారికి లోపలున్నదే తెలుస్తాది."

"నాకు కనబడతన్నాది," అని నరసింగరావు వాదమును ముగించెను. పిదప రొమ్ము విరిచి, ఫ్యాను రెక్కలు సాక్షిగా, ఈ క్రింది ప్రతిజ్ఞ చేసెను. "సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి ఈ ఫైలు ఇంజనీరు గారి బల్ల మీదుంటాది. ఆలోపల ఆ పుస్తకంలో ఒక్క నిబంధన, ఒకే ఒక్క నిబంధన, నీ సూరయ్య తిన్నగా పలికినాడంటే నా అంచనా నేనే సింపీస్తాను. నువ్వు తల అడ్డంగా ఊపకు పద్మా. సర్కారు పైసా ఖర్సవకూడదు."

"మీ పైసా ఎవరికి కావాలండీ," అని పద్మకుమారి చీరకొంగు నడుమునకు బిగించెను.

గరిటెయే గదగా, వంటింటి క్యాలెండరే రణపటముగా, చీటీలు గుచ్చు మేకు ధ్వజస్తంభముగా నిలువ, ఆ గృహిణీరత్నము తొలిబాణమును ఫోనుమార్గమున సంధించెను. గట్టు పుస్తకపు చివరి అట్టపై, చిన్న అక్షరములలో, దానిని కొట్టిన ధనరాజ్ పేరును అతని కొట్టు పేరును ఉన్నవి. అతడు నేటికిని బస్సు కాంప్లెక్సు దగ్గర జిరాక్సు కొట్టు నడుపుచుండెను.

"ఆ ఫాంటా అక్కా? మార్సే సాఫ్ట్‌వేరు నా దగ్గర ఉన్నాది. ఐదు నిమిషాల పని. పెన్‌డ్రైవు పంపండి. డబ్బులేటీ వద్దు, నాను కొట్టిన పుస్తకమే కదా."

పదకొండువేల నాలుగువందల పేజీల దుర్గమని ఎవడు బెదరించెనో, ఆ దుర్గపు ముఖద్వారము ఐదు నిమిషములలో తెరచుకొన్నది. శైలజ ఆటోలో వెడలి ఆటోలో మరలివచ్చినది. ఇరువురును విజయోత్సాహముతో మీట నొక్కిరి. సూరయ్య మాస్టారు గొంతు సవరించుకొని మూడవ పేజీ నుండి చదువ మొదలిడెను.

"గ సున్నా డి పడిన చోట నీటిస సున్నా ఘ సున్నా వారు..."

శైలజ చేయి మీటపైననే నిలిచిపోయినది. గండి యను మాట గ సున్నా డి యైనది. సంఘము చిన్నపిల్లవాని పలకపై ఓనమాలవలె ముక్కలైనది. ప్రక్కగదిలో దినపత్రిక చదువుచున్నట్లు నటించుచుండిన నరసింగరావు పుటము త్రిప్పెను. ఆ త్రిప్పుటలో ఒక చిఱునవ్వు వినిపించెను.

పద్మకుమారి మరల ఫోను చేసెను. "ధనరాజూ, మా సున్నలన్నీ విడిపోయి ఏడుస్తన్నాయి. ఏటి సేసినావు బాబూ?"

అవతల ధనరాజ్ జిరాక్సు యంత్రమును ఆపెను. పిదప అతడు మెల్లగా చెప్పెను. "అప్పట్లో నా కీబోర్డులో తెలుగు సున్న మీట ఊడిపోనాది అక్కా. అంకెల సున్న పక్కనే ఉన్నాదని అదే కొట్టీసినాను. సూడ్డానికి రెండూ ఒకేలాగుంటాయి కదా."

అహో, లోకమున మరి యే జాతికి ఇట్టి భాగ్యము కలదు. ఇరువురు కవలలు, ఒకే గుండ్రని ముఖము, ఒకే పేరు, ఒకడు అక్షరము ప్రక్కన నిలిచి మాటకు ముక్కు నిచ్చువాడు, మరియొకడు అంకె ప్రక్కన నిలిచి దానిని పదిరెట్లు చేయువాడు. పందొమ్మిదేండ్లుగా అంకెవాడు అక్షరమువాని కొలువు చేయుచుండగా ఆ కార్యాలయమున ఒక్క కంటికైనను తెలియలేదు. తెలిసినది సూరయ్య మాస్టారికి, ఆయన వలన శైలజకు.

ధనరాజే మరల చెప్పెను. "రీప్లేస్ ఆల్ కొట్టీయండక్కా. అంకె సున్నలన్నీ ఒక్కదెబ్బకి తెలుగు సున్నలైపోతాయి."

పద్మకుమారి ఆ మహాస్త్రమును ప్రయోగించెను. రెండువేల నూటపదునేడు సున్నలు ఒక్క క్షణమున రూపు మార్చుకొన్నవి. గండి గండియైనది. సంఘము సంఘమైనది. ఇరువురును చేతులు చఱచుకొన్నారు. ఆ వెంటనే సూరయ్య మాస్టారు నాల్గవ పేజీకి జేరి, మహాగంభీరముగా పలికెను. "గట్టు పొడవు రెండు అమ్ అమ్ అడుగులు."

"సార్‌కి అన్నం పెట్టమంటన్నాడేమో అక్కా," అనినది శైలజ.

రెండువందలలోని సున్నలు కూడ ముక్కుసున్నలైపోయినవి. గట్టు పొడవు పసిపిల్లవాని గోరుముద్దవలె మారినది. నవ్వు ఆపుకొనలేక ఇరువురును బల్లపై తలలు వాల్చిరి. నవ్వి నవ్వి, కన్నులు తుడుచుకొని, పద్మకుమారి మీట వెనుకకు నొక్కి సున్నలన్నింటిని మరల పూర్వస్థితికి తెచ్చెను. రెండువేల నూటపదునేడు సున్నలను ఒక్కొక్కటిగా చూచి, ఇది అక్షరమా అంకెయా యని తేల్చి, మార్చుకొనుచు పోవుటకు సోమవారము చాలదు. నరసింగరావు అంచనాయే గెలుచునేమో యను శంక శైలజ ముఖమున పొడసూపెను.

"పోన్లే అక్కా. మా ఊర్లో మా నాన్నకి సాయం సేసుకుంటాను. పుట్టినప్పట్నుంచి ఎవరో ఒకరు సదివి పెడితేనే విన్నాను. ఒక్కసారి నాకు నేను సదువుకోవాలనుకున్నాను, అంతే."

పద్మకుమారి అలవాటు కొలది చేట తీసికొని, సాయంత్రపు ఉప్పుడుబియ్యము పోసి, రాళ్ళును మెరిగలును ఏరుచు కూర్చుండెను. ఒకటి, రెండు, మూడు. చేతివ్రేళ్ళు వాని పని అవి చేయుచుండగా, ఆమె కనుబొమ్మ హఠాత్తుగా పైకి లేచినది.

"శైలజా, బియ్యంలో రాళ్ళుంటే బియ్యం ఏరతామా, రాళ్ళు ఏరతామా?"

"రాళ్ళే."

"అంకె సున్నలే రాళ్ళు. అవి కొన్నే ఉంటాయి. ముందు వాటిని ఏరి, వాటి సోట సుక్కగుర్తు వేసి దాసీద్దాం. మిగిలినవన్నీ అక్షరాలే కదా. ఒక్కదెబ్బకి మార్సీసి, ఆనక సుక్కలు తీసీసి రాళ్ళు వాటి సోటికి అవే పెట్టేద్దాం."

ఈ వ్యూహమునకు సరియైన వ్యూహము ఏ సేనాని యైనను పన్నెనేని అతనికి ఇంటిపనియు ఉండెనని ఊహింపవలెను.

కాని రాళ్ళను ఏరుట యెట్లు. పద్మకుమారి కన్నులకు తెరపై సున్నలన్నియు ఒక్కటియే. శైలజ చెవులకు మాత్రము భేదము స్పష్టము. సూరయ్య మాస్టారు అక్షరము నడుమ అంకె వచ్చినచో తొట్రుపడును. నిజమైన అంకె వచ్చినచో రెండువందలనియు, వెయ్యియనియు సాఫీగా పలుకును. ఆ సాఫీతనము వినిపించిన ప్రతిచోట శైలజ బల్లపై చఱచి "రాయి" అనును. పద్మకుమారి అక్కడి ప్రతి సున్నకు బదులు చుక్క వేయును. ఆదివారమున ఉదయము తొమ్మిది గంటలకు ఈ యుద్ధము ఆరంభమైనది. శైలజ సూరయ్య మాస్టారి వేగమును పెంచి పెంచి, అతని పలుకు కుక్కరు ఆవిరివలె సాగునట్లు చేసినది. పద్మకుమారికి అది ఏ భాషయో తెలియలేదు. శైలజకు ఒక్క అక్షరము తప్పలేదు. రాయి. చుక్క. రాయి. చుక్క. పాలు పొంగి పొయ్యిపై ప్రవహించినవి, ఎవరును లేవలేదు. నరసింగరావు మధ్యాహ్నము రెండు గంటలకు వంటింటికి వచ్చి, మూతలెత్తి చూచి, దించి, అటుకులు మజ్జిగలో నానబెట్టుకొని, ఆ గదిముందు రెండుమార్లు అకారణముగా నడిచి, మరల తన గదికి నిష్క్రమించెను.

సాయంత్రము ఐదుంబావునకు ముప్పది యెనిమిదవ పేజీలో తొంబది నాలుగవ రాయి దొరకినది. మహాస్త్రము మరల ప్రయోగింపబడినది. రెండువేల ఇరువదిమూడు మార్పులు జరిగెనని తెరపై పడినది. పద్మకుమారి ఆ సంఖ్యకు తొంబదినాలుగు మనసున కలిపి, పూర్వసంఖ్యతో సరిచూచి, బి.కాం. వృథా పోలేదని తల పంకించెను. చుక్కలు తొలగినవి. రాళ్ళు తమ చోట్ల కూర్చొన్నవి.

సోమవారము. ఉదయము తొమ్మిది గంటల పది నిమిషములు. ఇస్త్రీ చొక్కాపరివేష్టితుడై, ఫైలు చంకనిడుకొని, చెప్పులలో ఒక పాదమునిడి నరసింగరావు బయలుదేరుచుండెను. ఫైళ్ళ సంచి మోసుకొనిపోవుటకు అసిరయ్య సైకిలుతో గుమ్మమున నిలిచెను. బల్లవద్ద శైలజ కూర్చొన్నది. పద్మకుమారి ఆమె వెనుక చేతులు కట్టుకొని నిలిచినది.

"ఇంక కానీండి. నాకు టైమైపోతన్నాది," అనెను సూపరింటెండెంటు.

శైలజ మీట నొక్కినది. నిశ్శబ్దము. మరల నొక్కినది. మరల నిశ్శబ్దము.

నరసింగరావు ఆ పాదమును చెప్పునుండి తీసి, ఉపన్యాసమునకు అనువుగా నిలబడి, గంభీరనాదమున ఆరంభించెను. "సూడమ్మా, నేను నీ మంచికే సెప్పినాను. పురాతన పత్రములనగా పురాతనములే. వానిని నూతనములు చేయబూనుట వలన కాలవ్యయము, ధనవ్యయము, శ్రమవ్యయము దక్క..."

ఈలోగా పద్మకుమారి దృష్టి లాప్‌టాపు ప్రక్కకు పోయినది. ఇయర్‌ఫోను తీగ దాని చెవిలో గుచ్చుకొని, రెండవ కొస బల్లక్రింద వేలాడుచుండెను. సూరయ్య మాస్టారు ఇంతసేపును కుర్చీకాలికి బోధించుచుండిరి. ఆమె ఆ తీగను పెరికివేసెను. శైలజ ఒక్క మాటకు సరిపడు మీట నొక్కినది.

"ఏటి," అనెను సూరయ్య మాస్టారు.

నరసింగరావు ఉపన్యాసము నడుమ ఆగిపోయెను. "ఏటేటి? ఎవరన్నారు?"

"నేను కాదు సార్," అనినది శైలజ. "సూరయ్య మాస్టారు." ఆమె మరల అదే మీట నొక్కినది.

"ఏటి."

పై అధికారులు తప్ప అన్యులు తన్ను ఆ స్వరమున ప్రశ్నించి ఎరుగని నరసింగరావు, అప్రయత్నముగా చొక్కా సరిచేసుకొనెను. "అదేనండి, మొత్తం పదకొండు వేల నాలుగొందల పేజీలండి..."

"ఏటి."

"అంటే, ఆవిడ అడిగింది ముప్పై ఎనిమిదే అనుకోండి."

"ఏటి."

"సదివి పెట్టడానికి మా అసిరయ్య ఉన్నాడు కదాని..."

"నాను రాదు అన్న కాడ ఆపీసినాను బాబూ," అని గుమ్మమునుండి అసిరయ్య తనవంతు సాక్ష్యము నిచ్చెను.

పద్మకుమారి కొంగు నోటికి అడ్డముపెట్టుకొని గోడవైపు తిరిగినది. ఆమె భుజములు కదలుచుండెను. శైలజ పెదవి కొరుకుకొనుచు, ఇంక ఓర్చుకొనలేక, ఆగకుండ చదువు మీటను నొక్కినది.

"ఏటి గట్లు, గండ్లు. నిర్వహణ నిబంధనలు. నిబంధన ఒకటి. గట్టునకు గండి పడినయెడల, పై అధికారికి తెలియజేయకుండా రెండు వందల అడుగుల లోపల మట్టి వేయరాదు."

రాదు. రెండక్షరములును పలికినాడు. గండి పూర్తిగా పలికినాడు. రెండువందలు రెండువందలుగనే నిలిచినవి. శైలజ ఆ వాక్యమును పెదవులు కదలుచుండగా తానును ఒకమారు పలికినది. ఆపి, వెనుకకు వచ్చి, మరల వినినది. ఆమెకు ఎవరును దాటవేయకుండ దొరకిన మొదటి నిబంధన అది.

వినుడు, వీధి జనులారా, మేడలపై బట్టలారవేయు తల్లులారా. నాగావళీతీరమున, రెండువేల పదునేడవ సంవత్సరపు శ్రావణ సోమవారమున, చేటయే కవచముగా, రెండు దినముల శ్రమయే సైన్యముగా, సర్కారు పైసా ఒక్కటియు వ్యయము గాకుండ, గృహిణియగు పద్మకుమారియు, కనుచూపు లేని శైలజయు కలసి ముప్పది యెనిమిది పేజీల మహాదుర్గమును జయించి, ఏరున బుట్టిన ఏటి యను చిన్నమాటను యంత్రమునోట తెలుగుగా పలికించిరి. ఆ మాట యెంత యని అడుగుదురా. రెండక్షరములు, ఒక్క గుడి, సున్న యొక్కటియు లేదు. అయినను జయభేరి మ్రోగవలసినదే. అసిరయ్య సైకిలు గంట మ్రోగించెను.

నరసింగరావు ఫైలు తెరచి, తన అంచనా కాగితమును బయటికి తీసి, దానివైపు కొంతసేపు చూచి, నిలువుగా ఒకసారియు అడ్డముగా ఒకసారియు చింపెను. పిదప నేలను చూచుచు, మీసములో ఏదో గొణిగెను.

"ఏటండీ?" అనెను పద్మకుమారి.

"ఏటీ లేదు."

"ఏటో అన్నారు."

ఆయన శైలజ వైపు తిరిగెను. ఈసారి గుమ్మమున అసిరయ్యకును, వీధిలో పాలవానికిని సైతము వినబడునంత స్పష్టముగ పలికెను.

"నాకు కనబడతన్నాది కదా, సాలనుకున్నానమ్మా. తప్పు నాదే."